సగం జోడి

నేను సోషియాలజీ చదవాలని ఎప్పుడూ అనుకోలేదు. అలాంటి చదువు ఒకటుందని ధర్మపురిలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను చదివింది కెమిస్ట్రీ. ఎనభైల మొదట్లో కృష్ణగిరి వైపు మామిడి గుజ్జు తీసి డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. అలాంటి ఒక ఫ్యాక్టరీ లేబరేటరీలో తెల్లకోటు వేసుకుని గుజ్జు పులుపు కొలవాలని నా ఆశ. మార్కులు బాగానే వచ్చాయి. ఇంటర్వ్యూకి పోతే మేనేజరు నా సర్టిఫికెట్లు తిరగేసి, "సీజన్లో రాత్రిపూట కూడా పని ఉంటుంది. ఆడవాళ్ళను తీసుకోం" అన్నాడు.

"రాత్రి పని చేయనని నేను చెప్పలేదే?" అన్నాను.

"నువ్వు చెప్పనక్కర్లేదమ్మా" అని సర్టిఫికెట్లు నా వైపు జరిపాడు.

ఉద్యోగం రాకపోవడం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ మండించింది. నా జవాబు నేను చెప్పకముందే ఆయన చెప్పేశాడు. ఇంట్లో కూర్చుంటే పెళ్ళి మాటలు మొదలవుతాయని తెలుసు కాబట్టి, ఆ వారమే బస్టాండు వెనక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. తమిళం, ఇంగ్లీషు రెండూ వేగంగా కొట్టడం వచ్చాక మాస్టరు ఒకరోజు పిలిచాడు. మదరాసు నుంచి ఒక ప్రొఫెసరు వచ్చాడట. మెట్ట ఊళ్ళలో ఎవరెవరు ఏ పని చేసి బతుకుతున్నారో ఇల్లిల్లూ తిరిగి విచారిస్తున్నాడట. ఆయనకు టైపు కొట్టే మనిషి కావాలి. ఆ మనిషికి తెలుగు కూడా వస్తే మరీ మంచిది, ఎందుకంటే బొమ్మిడి దగ్గర ఒక పేటలో అందరూ తెలుగే మాట్లాడుతున్నారు, ఆయన మనుషులకు ఒక్క ముక్కా అర్థం కావడం లేదు.

మా ఇంట్లో తెలుగే. మావాళ్ళు ఈ వైపు వచ్చి ఎన్ని తరాలైందో చెప్పగలిగినవాళ్ళు లేరు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. నాయినకు చింతపండు మండీ ఉండేది. బేరాలు తమిళంలో ఆడి, కోపమొస్తే తెలుగులో తిట్టేవాడు. నాకు మాట్లాడటం వచ్చు గానీ అక్షరం ముక్క రాదు. మా వీధిలో తెలుగు చదవగలిగింది కుప్పం నుంచి కోడలిగా వచ్చిన మా పెద్దమ్మ ఒక్కతే.

"మదరాసోళ్ళ వెంబడి ఊరూరా తిరిగేదానికా నిన్ను కాలేజీకి పంపించింది?" అన్నాడు నాయిన.

"ఫ్యాక్టరీలో ఆడదానివి, వద్దన్నారు. ఈడ తెలుగొచ్చిన మనిషి కావల్ల, రమ్మంటాండారు. పోతాను నాయినా."

"నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగుర్నీ కూడా అడిగి రాసుకొస్తాను."

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నాయిన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను సోమవారం పొద్దున బొమ్మిడి బస్సెక్కాను.

ఆ పేట రైల్వే స్టేషను దాటాక, పట్టాలకు అవతల ఉంది. బావులు తవ్వేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు ఉండే పేట అది. వాళ్ళదీ తెలుగే, మాదీ తెలుగే. కానీ మా అవ్వ వాళ్ళ తెలుగును తెలుగని ఒప్పుకునేది కాదు. నాకు మాత్రం మొదటి ఇంట్లోనే ప్రతి మాటా అర్థమైంది. ప్రొఫెసరు వెంట వచ్చిన ఇద్దరు కుర్ర పరిశోధకులు తమిళంలో అడుగుతుంటే, తమిళం వచ్చిన మగవాళ్ళు జవాబు చెబుతున్నారు. నీ పెళ్ళాం ఏం చేస్తుందని అడిగితే ఒకాయన "సుమ్మా ఉంది" అన్నాడు. ఊరికే ఉంటుందని. ఆ మాట అంటున్నప్పుడే ఆమె రాతి పొడి అంటిన తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి పోయింది. ఆయన అబద్ధమాడాలని అనలేదు. ఆయన దృష్టిలో అది పని లెక్కలోకి రాదు, అంతే.

నాలుగో ఐదో గుడిసె ముందు ఒక అత్తా కోడలూ కూర్చుని ఉన్నారు. కోడలికి ఇరవై ఐదు దాటవు. ఇంటి యజమాని ఎవరని అడిగితే "నేనే" అంది. పరిశోధకుడు గుడిసె లోపలికి తొంగిచూసి, భర్త ఎక్కడని అడిగాడు. బావిలో రాళ్ళకు మందు పెట్టి పేల్చినప్పుడు తునక తగిలి చచ్చిపోయాడని అత్త చెప్పింది. అతను తల ఊపి, ఏదో రాసుకుని లేచాడు.

"ఏమి రాసుకున్నాడు?" అని కోడలు నన్ను అడిగింది.

అతను రాసింది నాకు కనబడింది. దాచాలనిపించలేదు. "ఇంట్లో పని చేసేవాళ్ళు లేరని రాసినాడు" అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "పని చేసేవాళ్ళు లేరంట! మొన్నటి దాకా బావిలో నించి మట్టి మోసింది ఎవురు, వాళ్ళ నాయినా?"

పరిశోధకుడు నా వంక చూశాడు, ఏమంటోందని. నేను ఉన్నదున్నట్టు తమిళంలో చెప్పాను, ఆ నాయిన మాటతో సహా. అతను విసురుగా పక్క గుడిసెకు పోయాడు. నేను పోలేదు. అత్త పక్కనే కూర్చున్నాను. ఆమె మట్టి చట్టిలో రాగి అంబలి పోసి ఇచ్చింది. తాగుతూ విన్నాను.

బావి పనికి మేస్త్రీ మనుషులను విడివిడిగా పిలవడు. జోడీలుగా పిలుస్తాడు. మగవాడు గడ్డపార పట్టి తవ్వాలి, పెళ్ళాం తట్ట మోసి మట్టి పైకి చేర్చాలి. కూలి జోడీకి కలిపి ఇస్తారు, మగవాడి చేతికి ఇస్తారు. ఈమెకు మొగుడు పోయాక ఆ రెండో మనిషి లేడు. మేస్త్రీ వీళ్ళ కులంవాడే, చనిపోయిన మనిషికి దూరపు చుట్టం కూడా. అయినా పిలవడం మానేశాడు.

"సగం జోడీని తీసుకోని నేనేం చేసేది అంటాడక్కా" అంది కోడలు. "మొగుడు పోతే నా చేతులు కూడా పోయినాయా? మా అత్తా నేనూ ఒక జోడీ అంటే నవ్వుతాడు."

"నేను పార పట్టలేనా?" అంది అత్త. "నా మొగుడు ఒళ్ళు బాగలేక పండుకొన్యప్పుడంతా నేనే కదా తవ్వింది."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. నేనెక్కడికి పోయానో ఎవరో ముందే చెప్పారు.

"యాడ తిన్యావు?"

"వాళ్ళింట్లో."

"పెరట్లో నీళ్ళు పెట్టినాను. తలకు పోసుకోని లోపలికి రా."

"పొద్దునే పోసుకున్నాను అవ్వా."

"ఆ నీళ్ళు వేరే, ఈ నీళ్ళు వేరే."

"మన పెరట్లో బావి ఎవురు తవ్వినారు అవ్వా?" అన్నాను. అవ్వ దారి ఇవ్వలేదు. నేను పక్కకు తిరిగి, ఆమెను రాసుకుంటూ లోపలికి పోయాను. ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు. నేను తిన్నాను.

ఆ అత్తాకోడళ్ళ మాటలు నేను తమిళ అక్షరాల్లో రాసుకున్నాను, తెలుగు అక్షరాలు రావు కనక. ప్రొఫెసరుకు చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. తలనెరిసిన, అలసిన, ఎవరి మీదా గొంతెత్తని మనిషి. కళ్ళద్దాలు సర్దుకుని చదివి, "తెలుగు నాకు రాదు గానీ, ఈ అమ్మాయి మాటిమాటికీ పావి, పావి అంటోంది. ఎవరా పాపి?" అన్నాడు. కుర్రాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు.

"పాపి కాదు సార్, బావి" అన్నాను. తమిళంలో 'బా'కు వేరే అక్షరం లేదు. బావి అని రాస్తే పావి అనే చదవచ్చు, పావి అంటే పాపి. వాళ్ళ నవ్వు ఆగేదాకా నిలబడి, "మీ మనుషులు ఆమె ఇంట్లో పని చేసేవాళ్ళే లేరని రాశారు. నేను ఒక్క అక్షరమే కదా తప్పు రాశాను" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ప్రొఫెసరు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను ఆ ఆదివారమే పెద్దమ్మ దగ్గరికి పోయి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. "ఇరవై ఏండ్లొచ్చినాక అ ఆ లేందే?" అని పెద్దమ్మ నవ్వింది గానీ, గుణింతం అంతా అయ్యేదాకా వదల్లేదు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆమె నేర్పిన చేత్తోనే.

తర్వాత మేము పెన్నాగరం అవతల ఏరియూరులో విచారణ మొదలుపెట్టాం. బొమ్మిడి మేస్త్రీ అక్కడే ఒక రైతు పొలంలో బావి తవ్విస్తున్నాడని తెలిసింది. ఆ ముందు వారం పేటకు పోయినప్పుడు కోడలికి ఆ మాట చెప్పాను. ఆమెకు అప్పటికే తెలుసు. "పోతాండాము మేము కూడా. పిలవకపోయినా పోతాండాము" అంది.

నిజంగానే వచ్చారు. పొద్దున బస్సు దిగి ఇద్దరూ పొలంలోకి నడుస్తుంటే నేను వెంట పోయాను. అత్త భుజాన గడ్డపార, కోడలి తల మీద ఖాళీ తట్ట. బావి సగం లోతు అయింది. ఒక పక్క చెక్కిన మెట్ల మీదుగా ఆడవాళ్ళు మట్టి తట్టలతో ఎక్కి దిగుతున్నారు. గట్టు మీద మేస్త్రీ నిలబడి ఉన్నాడు.

"ఎందుకొచ్చినారు మీరు?" అన్నాడు.

"పనికి" అంది కోడలు.

"నేను పిలిచినానా?"

"నువ్వు పిలిచేటట్టు లేవు. అందుకే మేమే వచ్చినాము."

"ఇద్దరు ఆడోళ్ళు ఒక జోడీనా? నవ్వుతారే లోకంలో! పార పట్టేది ఎవురు?"

అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మెట్లు దిగి, ఒక మూల ఖాళీగా ఉన్న చోట పార దించింది. కోడలు వెనకే దిగింది. మేస్త్రీ పైనుంచి అరిచాడు. లోపల తవ్వుతున్న మగవాళ్ళు పని ఆపి చూశారు. ఒకడు ఏదో వెకిలి మాట అన్నాడు. వాడి పెళ్ళాం "నోరు మూసుకోని తవ్వు" అంది. అప్పుడు అందరూ మళ్ళీ పనిలో పడ్డారు.

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "నువ్వెవురమ్మా? గవర్మెంటా?"

"కాదు. చూసేదానికి వచ్చినాను."

"చూసి?"

"చూసింది రాస్తాను."

ఆ మాటకు అతను భయపడ్డాడని చెప్పుకోవాలని ఉంది. కానీ అతను నన్ను ఈగంత కూడా లెక్కచేయలేదు. అతన్ని ఆపింది పొలం యజమాని. దీపావళి నాటి ఐప్పసి వానలు దగ్గరపడుతున్నాయి, ఆలోగా బావి కట్టు పూర్తి కావాలని ఆయన తొందర. గొడవ విని వచ్చి, లోపలికి వంగి చూసి, మేస్త్రీతో తమిళంలో అన్నాడు: "ఆడవాళ్ళు తవ్వితే నీళ్ళు పడవా? ఉండనీ."

సాయంత్రం కూలి ఇచ్చే వేళకు మేస్త్రీ వాళ్ళకు ఒక మనిషి కూలే చాపాడు. కోడలు చేయి చాపలేదు. అత్త పోయి, పెద్ద బండలను పైకి లాగే మోకు తాడు చుట్ట మీద కూర్చుంది. ఆ మోకు లేకుండా మరుసటి రోజు పని సాగదు.

"లే అవ్వా" అన్నాడు మేస్త్రీ.

"జోడీ కూలి ఇయ్యి, లేస్తాను."

"ముసిల్దానివని ఊరుకొంటాండా."

"నువ్వు ఊరుకోవద్దులే. నువ్వు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనే, మర్చిపోయినావేమో."

గట్టు మీద తట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. ఎవరూ నినాదాలు చేయలేదు, అరవలేదు. కాళ్ళు చాపుకుని, మోకాళ్ళు నొక్కుకుంటూ కూర్చున్నారు. వాళ్ళ మొగుళ్ళకు బస్సు తప్పిపోతుందని గాబరా. "ఇచ్చి పంపియ్యి రా, ఇంటికి పోవల్ల" అని వాళ్ళే మేస్త్రీని అడగడం మొదలుపెట్టారు. చివరికి అతను మిగతా కూలి కోడలి చేతిలో పెట్టి, "ఈ ఒక్క బావికే" అన్నాడు. "రాబోయే బావి సంగతి ఆడ చూస్తాము" అంది ఆమె.

బస్సులో ఇల్లు చేరేదాకా రాస్తూనే ఉన్నాను, సంతోషంతోనో కోపంతోనో తెలియదు. కెమిస్ట్రీలో నాకు ఏ రోజూ అలా కాలేదు.

విచారణ ముగిశాక ప్రొఫెసరు రాసిన రిపోర్టు టైపు కొట్టడం నా పని. అద్దెకు తీసుకున్న గదిలో మిషను ముందు కూర్చుని కొడుతూ కొడుతూ ఒక చోట ఆగిపోయాను. బావి పనిలో మగవాళ్ళే కూలీలనీ, ఆడవాళ్ళు భర్తలకు తోడ్పడతారనీ ఉంది. అత్తా కోడళ్ళ మాట ఎక్కడా లేదు. నేను లేచి ఆయన ముందుకు పోయాను.

"ఈ వాక్యం కొట్టను సార్."

"ఎందుకు? అర్థం కాలేదా?"

"అర్థమైంది కాబట్టే కొట్టను. ఇది నిజం కాదు."

"నిన్ను పెట్టుకున్నది టైపు చేయడానికమ్మా." ఆయన గొంతు పెంచడం మొదటిసారి విన్నాను.

"అయితే వేరే టైపిస్టును చూసుకోండి. నేను కళ్ళతో చూసినదాన్ని నా వేళ్ళతో అబద్ధం చేయను."

ఆయన కలం మూత పెట్టి, "సరే, నువ్వు రాయి. ఏం రాస్తావో చూస్తాను" అన్నాడు. కోపంతోనే అన్నాడు, నాకు ధైర్యం చెబుతూ కాదు. నేను రాసుకొచ్చింది చదివి, "ఇది ఒక కోడలి కోపం. ఒకచోట జరిగితే కథ. మిగతా చోట్ల ఎలా ఉందో చెప్పు, అప్పుడు పరిశోధన అంటాను" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మాట సరైనదే. అందుకే ఇంకా ఎక్కువ పౌరుషం వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి ఎవరూ పంపకుండానే తిరిగాను. బావులు తవ్వుతున్న ప్రతి చోటికీ, రాళ్ళు కొడుతున్న ప్రతి గుట్టకూ పోయాను. జోడీ కూలి ఎక్కడెక్కడ ఉందో, మొగుడు లేని ఆడది అక్కడ ఏమవుతుందో అడిగాను. కొన్నిచోట్ల తమ్ముణ్ణి జోడీగా చూపించి పనికి పోయేవాళ్ళు, కొన్నిచోట్ల పని కోసమే ఇష్టం లేని మనిషిని మళ్ళీ కట్టుకున్నవాళ్ళు. ఒక మేస్త్రీ కుక్కను ఉసిగొల్పాడు. ఒక ఊళ్ళో పెద్దమనిషి, నీకేం కావాలన్నా నన్నడుగు, ఆడవాళ్ళకేం తెలుసు అన్నాడు. ఆయన చెప్పిందంతా విని, ఆ తర్వాత ఆడవాళ్ళనే అడిగాను. వత్తల్‌మలైకి కూడా ఎక్కాను. అప్పుడు కాలిబాటే. కొండ మీద సామలు పండించుకునే ఆడవాళ్ళను జోడీ గురించి అడిగితే ప్రశ్నే అర్థం కాలేదు. నా చేను నేను దున్నుకుంటాను, దానికి మొగుడెందుకని ఒకామె నన్నే ఎదురడిగింది. ఈ పద్ధతి దేవుడు పెట్టింది కాదని ఆ కొండ మీద నాకు గట్టిగా తెలిసింది.

నేను రాసినదాన్ని ప్రొఫెసరు ఈసారి మారు మాట లేకుండా తీసుకున్నాడు. రిపోర్టు అచ్చయి పోస్టులో వచ్చింది. నా పేజీలు దాదాపు నేను రాసినట్టే ఉన్నాయి. మొదటి పేజీలో ఆయన పేరు, కుర్రాళ్ళిద్దరి పేర్లు. చివర్లో కృతజ్ఞతల కింద, శుభ్రంగా టైపు చేసి పెట్టినందుకు నాకు ధన్యవాదాలు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడే మొరప్పూరులో రైలెక్కి మదరాసు పోయాను. ప్రొఫెసరు గదిలో పుస్తకం బల్ల మీద పెట్టి, "నా పేరు ఇక్కడెందుకుంది, అక్కడెందుకు లేదు?" అని అడిగాను.

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఈ సబ్జెక్టులో నీకు డిగ్రీ లేదు కదమ్మా. పద్ధతి అలా ఉంటుంది."

"ఏ డిగ్రీ ఉంటే ఉంటుంది?"

"కనీసం ఎమ్మే సోషియాలజీ. నీది కెమిస్ట్రీ. ప్రవేశ పరీక్ష ఉంటుంది, కష్టం." తర్వాత నిజంగానే సిగ్గుపడుతూ అన్నాడు: "నువ్వు రాస్తానంటే సిఫారసు ఉత్తరం ఇస్తాను."

"పరీక్ష ఎప్పుడో చెప్పండి చాలు, ఉత్తరం వద్దు" అన్నాను.

అలా వచ్చాను నేను ఈ చదువులోకి. ఎవరూ దారి చూపించలేదు, నాకు ముందుగా కోరికా లేదు. టైపిస్టు మాట ఎవరూ వినరని తెలిసింది, అంతే. పరీక్ష రాశాను, సీటు వచ్చింది. నాయిన ససేమిరా అన్నాడు. ఫీజుకు టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే పిల్లలకు క్లాసులు చెప్పాను. బయలుదేరే రోజు నాయిన మండీ నుంచి రాలేదు. అమ్మ గడప దాకా వచ్చి, "ఆ చదువు పేరేమి, ఎవరన్నా అడిగితే చెప్పేదానికి?" అంది. చెప్పాను. ఆమె రెండుసార్లు పలికి చూసుకుని, "నోరు తిరగలేదు. ఊళ్ళోళ్ళతో కొట్లాడే చదువని చెప్తాలే" అంది.

ఎమ్మే రెండో ఏడు పరిశోధనా వ్యాసానికి విషయం చెప్పమన్నారు. చెప్పాను. గైడుగా ఇచ్చిన మేడమ్, ఆ మనుషులతో నీకు మరీ దగ్గరితనం ఉంది, దూరంగా నిలబడి చూడగలిగే విషయం ఎంచుకోమంది. "దూరంగా నిలబడి చూసినవాళ్ళే మేడమ్, ఆ ఇంట్లో పని చేసేవాళ్ళు లేరని రాసింది" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. నేను విషయం మార్చలేదు. వేరే గైడు దొరికేదాకా ఒక టర్మంతా పోయింది.

చివరికి బొమ్మిడి పేటకు విద్యార్థిగా పోయేసరికి అత్తా కోడళ్ళు అక్కడ లేరు. హోసూరులో ఫ్యాక్టరీలు కడుతున్నారనీ, అక్కడికి పోయారనీ, ఇంకో ఇద్దరు విధవలను కూడా తీసుకుపోయారనీ పక్కింటామె చెప్పింది. హోసూరు బస్సెక్కాను. సగం లేచిన గోడ నీడలో కోడలు నన్ను చూసి గుర్తుపట్టి, తల మీది ఇటుకలు దించకుండానే నిలబడింది.

"మళ్ళా వచ్చినావా? ఈసారి ఏమి రాసుకొంటావు?"

"నువ్వు చెప్పిందే" అన్నాను.

"అయితే ఉండు. ఈ ఇటికెలు పైన పెట్టి వస్తాను" అని నిచ్చెన ఎక్కింది.